తాడు సడలించు

ఎల్లారెడ్డిపేటలో ఎక్కిన బస్సు సిరిసిల్ల మీదుగా వచ్చి నిన్ను వేములవాడలో దించింది. సోమవారం. పైగా మేడారం జాతర జరిగే ఏడు. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే ముందు ఇక్కడి శివుడు రాజన్నకు మొక్కడం ఆనవాయితీ కాబట్టి గుడి ముందు కాలు పెట్టే సందు లేదు. గుడి కోనేరు ధర్మగుండంలో మునిగి వచ్చావు. తడి బట్టలు ఒంటికి అంటుకున్నాయి. చేతిలో కోడె మొక్కు టికెట్ ఉంది.

కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరగాలి. తర్వాత దాన్ని స్వామి పేరున కట్టేయాలి. అంతే మొక్కు. కానీ ట్రాక్టర్ వచ్చినప్పుడే మీ ఇంట్లో ఎడ్లు పోయాయి. కోడె తాడు పట్టడం నీకిదే మొదలు.

తాడు నీ చేతికిచ్చారు. ఎందరో పట్టి పట్టి నున్నబడింది, పసుపు అంటి ఉంది. జారిపోతుందేమోనని అరచేతికి ఒక చుట్టు చుట్టుకోబోతావు.

"సుట్టుకోకు బిడ్డా!" పక్కనున్న తాత నీ మణికట్టు పట్టుకుంటాడు. "అది ఉరికితే నిన్ను గూడ గుంజుకపోతది. మడిచి పట్టుకో."

ఎక్కడ నిలబడతావు? ముందు నిలబడితే కొమ్ములు. వెనక నిలబడితే కాళ్లు. దాని కళ్లు చూడు, తలకు రెండు పక్కలా ఉన్నాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర దానికి కనబడుతుంది. సరిగ్గా తోక వెనక ఏముందో మాత్రం కనబడదు. అక్కడి నుంచి చెయ్యి వేస్తే, ఎవరో ఏమిటో తెలియక తన్నేస్తుంది. గుర్రం ఎక్కువగా వెనక్కే తన్నుతుంది. కోడె కాలిని ముందుకు తెచ్చి పక్కకు కూడా విసరగలదు. అందుకే పొట్ట పక్కన కాదు, భుజం పక్కన నిలబడు. నువ్వక్కడ ఉన్నావని దానికి తెలుస్తుంది.

"బరాత్‌ల గుర్రాన్ని సూసినవ్ గదా," అంటాడు తాత. "చెవులు ఎన్కకు వాల్చి మెడకు అతికిచ్చుకుంటే కోపం. దీనికి చెవులొక్కటే సూస్తే సాలదు. ఒళ్లంత సూడాలె."

చూస్తావు. దవడ మెల్లగా కదులుతోంది, నెమరు వేస్తోంది. చెవులు వదులుగా ఉన్నాయి. తోక వేలాడుతోంది, ఈగ వాలితే ఒక్కసారి విసురుతోంది. ప్రశాంతంగా ఉంది. నడువు.

గుడి మూల తిరుగుతావు. కోడె ఆగిపోతుంది.

ముందు ఏమీ లేదు. తడిసిన బండల మీద ఎండ మెరుస్తోంది, మధ్యలో స్తంభం నీడ అడ్డంగా పడింది. అంతే. కానీ దవడ ఆగింది. రెండు చెవులూ ముందుకు తిరిగాయి. తల కిందికి దించుతోంది. వెనక నుంచి జనం తోస్తున్నారు. "గుంజు, గుంజు!"

గుంజుతావా?

తాడు బిగిస్తే తల పైకి లేస్తుంది. తల పైకి ఉంటే నేల మీదున్నది నీడో, గుంతో దానికి తేలదు. పైగా తడి బండ మీద దాని గిట్టలకు పట్టు దొరకదు. అది తల దించుతున్నది నిన్ను కుమ్మడానికి కాదు, చూసుకోవడానికి. ముక్కు ముందుకు చాచి వాసన చూస్తోంది.

తాడు సడలించు. ఆగు.

అది నీడను వాసన చూస్తుంది. ఒక కాలు వేస్తుంది. రెండో కాలు. దాటేసింది.

అప్పుడే పక్కన కొబ్బరికాయ పగులుతుంది. ఆ వెంటే డప్పు మోగుతుంది. ఒకావిడ బొట్టు పెడదామని ఎదురుగా వచ్చి దాని నుదుటి మీద చెయ్యి వేస్తుంది. కోడెలు ఒకదానితో ఒకటి బలం చూసుకునేది ఆ నుదుటితోనే. అక్కడ తోస్తే కయ్యానికి పిలిచినట్టే.

కోడె తల మళ్లీ దించుతుంది.

ఈసారి వేరు. ముక్కు ముందుకు రాలేదు. గదవ లోపలికి పోయింది. నుదురు ముందుకొచ్చింది. మెడ ఉబ్బింది. కంటి తెల్లగుడ్డు కనబడుతోంది. ఒళ్లు అడ్డంగా తిప్పుతోంది, తానెంత పెద్దదో చూపిస్తోంది. ముందుకాలు బండను గీరింది.

బుస.

పరుగెత్తకు. అరవకు. వీపు చూపకు.

"అమ్మా, పక్కకు జరుగు!"

ఆమె జరిగింది. ఎదుట ఖాళీ.

నువ్వు భుజం పక్కనే ఉండు. తాడు సడలించు. అది ఉరికితే వదిలెయ్యి. స్తంభం వెనక్కి పో.

ఉరకలేదు.

డప్పు ముందుకు సాగిపోయింది. తాత మెల్లగా మెడ పక్కకు వస్తాడు. తన చెయ్యి దానికి కనబడనిస్తాడు. నుదుటి జోలికి పోడు. గంగడోలు కింద చెయ్యి పెట్టి, గొంతు నుంచి ఛాతీ దాకా మెల్లగా నిమురుతాడు. "ఊ... ఊ... ఏం గాలె." పశువులు ఒకదాన్నొకటి నాకి సేదతీర్చుకునే చోట్లలో మెడ ఒకటి. మనిషి చెయ్యి అక్కడ నిమిరితే అవి మెడ చాచి, చెవులు వదులు చేస్తాయని పరిశోధకులూ గమనించారు.

అదిగో, మెడ సాగింది. చెవులు పక్కలకు వాలాయి. కంటి తెల్లగుడ్డు తగ్గింది. అయినా తొందరపడకు. దవడ వంక చూడు.

ఆగి ఉంది. ఇంకా ఆగి ఉంది. కదిలింది. నెమరు.

ఇప్పుడు నడువు.

ప్రదక్షిణ పూర్తి చేసి కోడెను కట్టేస్తావు. తల్లి కొంగు చాటు నుంచి ఒక పిల్లాడు దాన్ని ముట్టుకుంటానని మారాం చేస్తున్నాడు. వాళ్ల నాన్న వాడిని ఎత్తుకుని తిన్నగా కొమ్ముల ముందుకు వస్తున్నాడు. నువ్వు దాని చెవులు చూస్తావు, తోక చూస్తావు, దవడ చూస్తావు. శాంతంగానే ఉంది. అయినా చెయ్యి అడ్డం పెడతావు.

"అన్నా, ముంగట వద్దు. గిట్ల భుజం దిక్కు రా. ముందుగాల నిన్ను సూడనియ్యి."