మూడక్షరాల మాటలు – జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?

వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ జలుబుతో వచ్చినవారు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "యాంటీబయాటిక్ రాయరా డాక్టరు గారూ?" వద్దని చెప్పేవాణ్ణి కాని, కారణం వివరించే తీరిక ఉండేది కాదు. ఆ కారణం వెనుక ఒక గొప్ప చరిత్ర ఉంది.

డీఎన్ఏలోని సమాచారాన్ని మెసెంజర్ ఆర్ఎన్ఏ అనే దూత రైబోజోముల వద్దకు చేరుస్తుందనీ, అవి అమైనో ఆమ్లాలను దండగా గుచ్చి ప్రోటీన్లను తయారుచేస్తాయనీ 1961 నాటికి రూఢి అవుతోంది. అయితే ఆర్ఎన్ఏలో అక్షరాలు నాలుగే. అమైనో ఆమ్లాలు ఇరవై. ఈ అనువాదం ఎలా జరుగుతోంది?

అమెరికాలోని బెథెస్డాలో మార్షల్ నీరెన్‌బర్గ్, జర్మనీ నుంచి వచ్చిన హైన్రిక్ మత్తేయి ఈ.కోలి బాక్టీరియా కణాలను నూరి తీసిన సారంలో, 'యు' అనే ఒకే అక్షరం వరుసగా ఉన్న కృత్రిమ ఆర్ఎన్ఏను కలిపారు. మే 27 తెల్లవారుజామున మత్తేయికి సమాధానం దొరికింది. ఆ ఆర్ఎన్ఏ ఫలితంగా ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటే దండగా ఏర్పడింది. జీవభాషలో మానవుడు చదివిన మొదటి మాట అదే.

పంజాబులోని రాయపూర్ గ్రామంలో జన్మించిన హర్‌గోవింద్ ఖొరానా, అక్షరక్రమం ముందే నిర్ణయించిన ఆర్ఎన్ఏలను రూపొందించి మిగిలిన మాటలను తేల్చడానికి తోడ్పడ్డారు. 1966 నాటికి 64 మాటలూ తెలిశాయి. ప్రతి మాటకూ మూడక్షరాలు. 61 మాటలు అమైనో ఆమ్లాలను సూచిస్తే, మూడు 'ఇక ఆపు' అంటాయి. 1968లో నీరెన్‌బర్గ్, ఖొరానా, రాబర్ట్ హోలీలకు నోబెల్ బహుమతి లభించింది. ఆ తెల్లవారుజామున మేలుకొని ఉన్న మత్తేయికి మాత్రం దక్కలేదు.

ఆ మాటలను చదివే రైబోజోము నిర్మాణాన్ని వెల్లడించినందుకు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాత్‌లు 2009లో నోబెల్ బహుమతి అందుకున్నారు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు బాక్టీరియా రైబోజోమును పట్టుకొని దాని పని చెడగొడతాయి. మన రైబోజోము నిర్మాణం కొంత వేరు గనుక మనం బతికిపోతాం.

జలుబు తెచ్చే వైరస్‌కు సొంత రైబోజోమే లేదు; మన కణంలో దూరి మన రైబోజోముల చేతనే తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. పెన్సిలిన్ దెబ్బతీసే కణకవచమూ దానికి లేదు. ఇక ఆ మందు దేనిని పట్టుకోవాలి? అనవసరంగా వాడిన ప్రతిసారీ మన ఒంట్లోని బాక్టీరియా దానిని ఎదిరించే నేర్పు అలవరచుకునే అవకాశం పెరుగుతుంది. నిజంగా అవసరమైన నాడు ఆ మందు మనకు అక్కరకు రాకపోవచ్చు.