కాళ్ళకు బుద్ధి చెప్పే బటన్

హేలో ఆటల్లో సైనికుడు పరుగెత్తవచ్చా కూడదా అన్న తగువు 2010లో మొదలైంది. ఇంకా తెగలేదు. ఆట ఆడనివాళ్ళకి ఇదెంత చిల్లర విషయంగా కనిపిస్తుందో నాకు తెలుసు. ఒంటినిండా కవచం తొడుక్కున్న మనిషి, చుట్టూ గ్రహాంతరవాసులు తుపాకులు పేలుస్తుంటే పరుగెత్తక ఏం చేస్తాడు అని నవ్వేస్తారు. కానీ ఒక్క బటన్ చేర్చితే ఆ ఆటలో ఎన్ని గోడలు వెనక్కి జరపాల్సి వచ్చిందో చూశాక, ఇది ఆటల చరిత్రలో ఒక అధ్యాయం రాయదగ్గ తగువే అనిపించింది నాకు.

ముందు స్ప్రింట్ అంటే ఏమిటో తేల్చుకుందాం. తగువులో సగం ఆ మాట దగ్గరే ఉంది. 1993 నాటి డూమ్‌లో కూడా పరుగు ఉంది. కానీ అక్కడ పరుగెడుతూనే కాల్చొచ్చు, పక్కకీ వెనక్కీ కూడా అదే ఊపులో వెళ్ళొచ్చు. అది వట్టి వేగం. మన నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడి పెరిగినవాళ్ళకైతే షిఫ్ట్ నొక్కడమంటే పరుగే కాదు, అడుగుల చప్పుడు వినపడకుండా మెల్లగా నడవడం. వేగం కావాలంటే తుపాకీ పక్కనపెట్టి కత్తి పట్టుకోవాలి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న స్ప్రింట్ వేరు. బటన్ నొక్కగానే తుపాకీ కిందికి దిగుతుంది, కాల్చడం కుదరదు, ముందుకి మాత్రమే దూసుకుపోతారు. అంటే అది వేగం కాదు, బేరం. చేతులిచ్చి కాళ్ళు కొనుక్కోవడం అన్నమాట.

మరి హేలో మొదట ఏ బేరం మీద నిలబడింది? బంజీ కంపెనీ చేసిన హేలో: కంబాట్ ఇవాల్వ్‌డ్ 2001 నవంబరు 15న ఎక్స్‌బాక్స్‌తో పాటే వచ్చింది. అప్పటిదాకా చాలా షూటర్లలో గ్రెనేడ్ కూడా ఒక ఆయుధమే. తుపాకీ లోపల పెట్టి, గ్రెనేడ్ బయటికి తీసి, విసిరి, మళ్ళీ తుపాకీ తీసుకోవాలి. హేలో ఈ తతంగం మొత్తం తీసేసింది. చేతిలో తుపాకీ ఉండగానే ఒక బటన్‌తో గ్రెనేడ్, ఇంకో బటన్‌తో ఒక గుద్దు. ఆటగాళ్ళు దీన్ని బంగారు త్రికోణం అంటారు. ఎటు కదులుతున్నా, ముందుకైనా వెనక్కైనా గాల్లో ఎగిరినా, ఈ మూడూ పనిచేస్తాయి. కదలడం ఒక పని, పోరాడడం ఇంకో పని అన్న తేడా అక్కడ లేదు. నా దృష్టిలో ఆ ఆట కనిపెట్టిన అసలు సంగతి ఇదే. షీల్డ్ గురించి అందరూ చెప్తారు గానీ, చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండకపోవడం గురించి తక్కువ చెప్తారు.

దీనివల్ల చాలా జరిగాయి. బ్లడ్ గల్చ్ అనే మ్యాప్ గుర్తుందా? రెండు చివర్లా రెండు స్థావరాలు, మధ్యలో పెద్ద లోయ. కాలినడకన ఆ లోయ దాటడం ఒక సాహసం. అందుకే వార్థాగ్ అనే ఆ జీపు కోసం కొట్టుకుచచ్చేవాళ్ళు. కథ నడిచే భాగంలోనూ అంతే. చివరి ఘట్టంలో ఓడ పేలిపోబోతుంటే, టైమర్ తరుగుతుంటే, తప్పించుకునేది జీపు మీదే. 2007లో హేలో 3 కూడా మళ్ళీ అదే జీపుతో ముగిసింది. కాళ్ళకి ఒక హద్దు ఉంది కాబట్టే చక్రాలకి విలువ.

పరుగు బటన్‌ని ఊరూరా పాకించింది కాల్ ఆఫ్ డ్యూటీ. 2004లో యునైటెడ్ అఫెన్సివ్‌లో అది ఉంది, 2007 నాటి మోడరన్ వార్‌ఫేర్‌తో ఇంటింటి అలవాటైంది. అక్కడ అది చక్కగా అమరింది, కాదనలేం. ఆ ఆటలో మనిషి ప్రాణం నాలుగైదు తూటాల దూరంలో ఉంటుంది. ఒక గోడ చాటు నుంచి ఇంకో గోడ చాటుకి తుపాకీ దించి పరుగెత్తడమంటే తెగింపు. మధ్యలో ఎవడైనా చూశాడా, అయిపోయారు.

హేలోలో సంగతి తిరగబడుతుంది. ఇక్కడ ముందు షీల్డ్ కొట్టాలి, ఆ తర్వాతే ప్రాణం. మనిషి పడిపోవడానికి టైం పడుతుంది. ఆ టైంలో అవతలివాడు పరుగు నొక్కితే? మలుపు తిరిగి మాయమవుతాడు. కాసేపు దాక్కుంటే షీల్డ్ మళ్ళీ నిండుతుంది. అక్కడ తెగింపుగా ఉన్న బటన్ ఇక్కడ అక్షరాలా కాళ్ళకు బుద్ధి చెప్పడం అయిపోయింది. ఒకే బటన్, రెండు ఆటల్లో రెండు అర్థాలు. వచన కవితలో యతి లేదు కదా, మీ పద్యంలో మాత్రం ఎందుకు అని అడిగితే ఎలా ఉంటుందో, కాల్ ఆఫ్ డ్యూటీలో ఉంది కదా ఇక్కడెందుకు వద్దు అని అడగడం నాకలా ఉంటుంది.

2010లో బంజీ చివరి హేలో అయిన రీచ్‌లో పరుగు వచ్చింది గానీ, అందరికీ కాదు. జెట్‌ప్యాక్ లాంటి కొన్ని శక్తుల్లో అదొకటి, కావాలనుకున్నవాళ్ళు ఎంచుకోవాలి. 2012లో 343 ఇండస్ట్రీస్ చేతికి వచ్చిన హేలో 4లో అందరి కాళ్ళకీ తగిలించారు. పారిపోయేవాళ్ళ బెడద తెలుసు కాబట్టి, తూటా తగిలితే పరుగు మందగించేలా ఒక నిబంధన పెట్టారు. 2015 నాటి హేలో 5లో ఇంకో నిబంధన: పరుగెడుతున్నంతసేపూ షీల్డ్ నిండదు. తమాషా ఏమిటంటే, మధ్యలో 2014లో హేలో 2ని కొత్త హంగులతో మళ్ళీ ఇచ్చినప్పుడు అందులో పరుగు పెట్టలేదు. పాత నేల మీద ఆ బటన్ నడవదని చేసినవాళ్ళకీ తెలుసన్నమాట.

నేల అన్నానే, అసలు చిక్కు అక్కడుంది. మనిషి వేగం పెరిగితే గదులు చిన్నవైపోతాయి. గదులు సాగదీస్తే మామూలు నడక నత్తనడక అవుతుంది. అప్పుడు పరుగు ఇష్టమైనవాడే కాదు, ప్రతివాడూ పరుగెత్తాల్సిందే. హేలో 2లోని మిడ్‌షిప్ అనే ముద్దైన చిన్న మ్యాప్‌ని హేలో 5లో ట్రూత్ పేరుతో మళ్ళీ కట్టారు. రెండిట్లోనూ ఆడి చూస్తే తెలుస్తుంది, పాత దూకుళ్ళు అందవు. అందకపోతే అంచు పట్టుకుని పైకి పాకే సదుపాయం ఇచ్చారు. పాకేటప్పుడు చెయ్యి మళ్ళీ ఖాళీ. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని పెంచి చివరికి సంసారి అయిపోయిన సన్యాసి కథ మనకి తెలిసిందే. కౌపీన సంరక్షణార్థం ఇంత పటాటోపం. ఇంతా చేస్తే ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దగ్గరికి చేరడం నాకు ముందుకన్నా తొందరగా ఏమీ అనిపించలేదు. తుపాకీ మాత్రం దిగిపోయింది.

పరుగు కావాలనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. 2007 తర్వాత షూటర్లు పట్టుకున్నవాళ్ళ వేలు దానంతటదే ఆ బటన్ మీదికి వెళ్తుంది. అది లేకపోతే కాళ్ళు బురదలో దిగబడ్డట్టు ఉంటుంది. వాళ్ళు ది లైబ్రరీ అనే ఘట్టాన్ని చూపిస్తే నా దగ్గర గట్టి జవాబు కూడా లేదు. 2001 ఆటలో ఒకేలాంటి గదులు, ఒకేలాంటి తలుపులు, ఎంతసేపు నడిచినా తరగని విసుగు. కాకపోతే ఆ జబ్బు గదులది, కాళ్ళది కాదు.

ఇంకో వాదన పుస్తకాల్లోంచి వస్తుంది. ఎరిక్ నైలండ్ నవల ది ఫాల్ ఆఫ్ రీచ్ ఆ ఏడాదే, ఆటకన్నా కాస్త ముందు వచ్చింది. అందులో ఈ స్పార్టన్లు మామూలు మనుషులకి అందని వేగంతో పరుగెడతారు, మరి ఆటలో ఎందుకు పరుగెత్తకూడదు అంటారు. నాకు ఇది తిరగేసి కనిపిస్తుంది. పరుగెత్తాలంటే తుపాకీ దించాల్సి వచ్చేది మామూలు సైనికుడికి. ఎంత జోరులోనైనా గురి తప్పనివాడే స్పార్టన్.

2021లో ఇన్ఫినిట్ వచ్చేసరికి ఒక రాజీ కుదిరింది. పరుగు ఉంది, కానీ దానివల్ల పెరిగే వేగం అంతంతమాత్రం. పేరుకే బటన్. దూరాలు దాటడానికి గ్రాపిల్‌షాట్ అనే కొక్కెం ఇచ్చారు. దాన్ని దేనికైనా తగిలించి గాల్లో ఊగుతూ పోవచ్చు. నా లెక్కలో పదేళ్ళలో వాళ్ళు చేసిన మంచి పని అదే. వేగం అడిగినవాళ్ళకి వేగం దొరికింది, దాన్ని వాడడానికి గురీ, నేర్పూ కావాలి. పరుగు బటన్‌కి రెండూ అక్కర్లేదు.

2025 అక్టోబరులో మొదటి హేలో కథనే కొత్తగా కట్టి క్యాంపెయిన్ ఇవాల్వ్‌డ్ పేరుతో తెస్తున్నామని ప్రకటించారు. పరుగు ఉంటుందట, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చట. ఒక్కరే ఆడుకునేటప్పుడు ఇది ఇద్దరికీ నచ్చే తీర్పే. నలుగురు ఎదురెదురుగా ఆడేచోట మాత్రం ఇలాంటి తీర్పు చెల్లదు. అక్కడ ఒకరు పరుగెడితే అందరూ పరుగెత్తాలి. నా వరకు నేను సైలెంట్ కార్టోగ్రాఫర్ ఘట్టంలో ఆ సముద్రపు ఒడ్డున దిగగానే దాన్ని ఆపేస్తాను. ఇసుక మీద శత్రువులు పడిపోయాక, ఆకాశంలోంచి విమానం ఎలాగూ ఒక జీపుని తెచ్చి దింపుతుంది.