తేలిక పెట్టె



జనగామ అంగడికి ధాన్యము గోనెసంచులలో వచ్చును. మహబూబాబాదునకు మిరపకాయలు బస్తాలలో వచ్చును. భూపాలపల్లి గనుల బొగ్గు సంచి నెరుగదు. లారీలో రాశిగా పోయబడును. సరకున కొక కట్టు. పూర్వము ఓడరేవులయందును ఇంతియే. మూట మూటను మనుష్యులే మోసి యెక్కించుచుండగా ఓడ దినములకొలది రేవున నిలిచియుండెడిది. అమెరికాలో లారీల యజమాని మాల్కం మెక్లీన్ దీనికొక ఉపాయము పన్నెను. 1956 ఏప్రిల్ 26వ తేదీన ఆయన ఓడ ‘ఐడియల్ ఎక్స్’ 58 పెట్టెలతో న్యూఆర్కు రేవునుండి హ్యూస్టనునకు బయలుదేరెను. లోపల నేమున్నను వెలుపలి కొలత యొక్కటే. ఆ పెట్టెకే కంటైనరని పేరు. కంప్యూటరు పనివారు తరువాత ఈ పేరునే యెరువు తెచ్చుకొనిరి.

వారి కా యవసరమేల కలిగెనో నాకు కన్నులార తెలిసినది. జనగామలో నా పూర్వశిష్యుడొకడు మా ఊరి గ్రంథాలయపు పుస్తకముల పట్టికను చూపు వెబ్ పుటను సిద్ధపరచెను. తన కంప్యూటరులో అది చక్కగా నడచినది. మహబూబాబాదులోని మిత్రునివద్ద అది తయారు కానేలేదు. భూపాలపల్లిలో వేరొకనివద్ద సగములో నాగిపోయినది. వ్రాత యొక్కటే, దానిని సిద్ధపరచు పనిముట్ల సంచికలు మాత్రము మూడుచోట్ల మూడు విధములు. “నా దగ్గర నడచుచున్నది గదా!” యని అతడు వాపోయెను.

ఈ చిక్కునకు విరుగుడు ఒక్కనాట పుట్టలేదు. 1979లో యూనిక్సు ఏడవ సంచిక పనిలో, ఒక ప్రోగ్రామునకు ఒక గదినే ఇల్లంతయునని తోపించు ‘క్రూట్’ అను ఉపాయము పుట్టెను. 2000లో ఫ్రీబీఎస్‌డీవారు ఆ గదికి గట్టి గోడలు కట్టి ‘జైలు’ అనిరి. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలిడిన పని ఫలితముగా, ఏ గది కంప్యూటరు వనరులను ఎంత వాడవచ్చునో నియమించు ఏర్పాటు 2008 జనవరిలో లినక్సునందు చేరెను. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ ‘డాకర్’ను సభలో చూపెను. గోడలు పాతవే, పెట్టె కట్టు విధానమును సామాన్య పత్రముగా వ్రాసి, ఆ పత్రమునుబట్టి ఎవరైనను అట్టి పెట్టెనే కట్టుకొనునట్లు చేయుట డాకరు విశేషము.

ఇది తేలిక యగుట కొక కారణము గలదు. అంతకుముందు ప్రతి ప్రోగ్రామునకు వేరొక యిల్లే కట్టి యిచ్చుచుండిరి. కంటైనరులో లోగిలి యొక్కటే, బావి యొక్కటే. గదులు మాత్రము వేరు.

మనకంటికి కనబడు ముఖభాగమునకు, అనగా ఫ్రంట్ ఎండునకు, ఇంకను తేలిక చేయవచ్చును. కళ్ళమున కుప్ప నూర్చి, తూర్పారబట్టి, గడ్డిని తాలును అక్కడనే విడిచి గింజలను ఇంటికి చేర్చుదుము గదా! వెబ్ పుటను నూర్చు పనిముట్లు వందల మెగాబైట్లు. నూర్పు ముగిసిన వెనుక మిగులునవి కొన్ని పుటలు, రంగులు, చిన్న ప్రోగ్రాములు మాత్రమే. 2017లో డాకరునందు ‘మల్టీ స్టేజ్’ పద్ధతి వచ్చెను: మొదటి పెట్టెలో నూర్పు, రెండవ పెట్టెలో గింజలు. రెండవదానికి అడుగుగా సుమారు 5 మెగాబైట్ల ‘ఆల్పైన్’ లినక్సు. పుటల నందించుటకు ఇగోర్ సిసోయెవ్ 2004లో లోకమున కిచ్చిన ‘ఎన్జినెక్స్’. మొత్తము కొన్ని పదుల మెగాబైట్లే. జనులొక్కమారుగ వచ్చినచో ఇట్టి పెట్టెలను మరికొన్నింటిని క్షణములలో తెరవవచ్చును.

ఐనను రెండు హెచ్చరికలు. పెట్టె తేలికయైనంత మాత్రమున మీ చేతి ఫోనునకు వచ్చు పుట తేలిక కాదు. పెద్ద బొమ్మలు నింపినచో పల్లెలో అది యాలస్యముగనే తెరచుకొనును. మరియు ముఖభాగమున పెట్టినది లోకమంతయు చదువగలదు. రహస్యపు మాట లందుంచరాదు.

నా శిష్యుడు పెట్టె కట్టు పత్రము వ్రాసి మిత్రుల కిద్దరికి పంపెను. ఈసారి మూడుచోట్లను పట్టిక యొక్కరీతిగ కనబడెను. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చుటతో మన భూముల వివరములును వెబ్ పుటలయందే కనబడుచున్నవి. కావున, పెద్దలారా, మీ మనుమలు ఏ పుట కట్టినను ఒక్క ప్రశ్న యడుగుడు: “నాయనా, ఇది నీ యింట మాత్రమే నడచునా, పొరుగూరను నడచునా?”

సెలవు.