గోత్ జాతిలోకి క్రైస్తవం: బందీలు వేసిన బాట

రోమన్లు అనాగరికులుగా జమకట్టిన జర్మానిక్ జాతుల్లోకి క్రైస్తవం ప్రవేశించిన తీరును పరిశీలిస్తే, అక్కడ తొలి అడుగు వేసినవారు మతప్రచారకులు కారనీ, యుద్ధబందీలనీ తెలుస్తుంది. క్రీ.శ. 3వ శతాబ్దపు నడిమి కాలంలో, డాన్యూబ్ నదికి ఉత్తరాన నివసించిన గోత్‌లు ఆసియా మైనరుపై, అంటే నేటి టర్కీ భూభాగంపై దాడిచేసి, కప్పదొకియ ప్రాంతం నుంచి చెరపట్టి తెచ్చిన జనంలో క్రైస్తవులూ, వారి గురువులూ ఉన్నారు. బానిసలై వచ్చినవారు తమ విశ్వాసాన్ని విడువకపోగా, తమను చెరపట్టినవారికే దానిని అలవాటు చేశారు.

అటువంటి బందీల వంశంలో, సుమారు 311లో జన్మించిన ఉల్ఫిలా 341 ప్రాంతంలో బిషప్‌గా అభిషిక్తుడై, ఏడేళ్ల తరువాత గోత్ పాలకుల హింస కారణంగా అనుచరులతో నది దాటి రోమన్ రాజ్యంలో స్థిరపడ్డాడు. గ్రీకు అక్షరాలను ప్రధానంగా గ్రహించి, కొన్నింటిని లాటిన్ నుంచీ, జర్మానిక్ జాతుల పాత రూనిక్ లిపి నుంచీ తీసుకొని ఆయన గోతిక్ భాషకు లిపిని కూర్చి, బైబిలును అనువదించాడు. అసలే యుద్ధప్రియులైన తన జనాన్ని మరింత రెచ్చగొట్టరాదని ఆయన రాజుల గ్రంథాలను మాత్రం వదిలివేసినట్లు చరిత్రకారుడు ఫిలోస్టోర్గియస్ రాశాడు.

నదికి ఆవల మిగిలిన విశ్వాసుల స్థితిని సాబా అనే సామాన్యుని వృత్తాంతం కళ్లకు కట్టిస్తుంది. బలి ఇచ్చిన మాంసాన్ని అందరూ తినితీరాలని పెద్దలు శాసించినప్పుడు, పాత దేవతలను కొలిచే గ్రామస్థులే తమ క్రైస్తవ బంధువులను కాపాడుకోవడానికి, బలికి సంబంధం లేని మాంసాన్ని రహస్యంగా వారికి పెట్టబోయారు. మతం వేరైనా చుట్టరికం తెగలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. సాబా ఆ ఉపాయాన్ని బహిరంగంగా తిరస్కరించి, చివరకు 372 ఏప్రిల్ 12న అక్కడి ఒక నదిలో ముంచివేతకు గురయ్యాడు. ఆయన అవశేషాలను కప్పదొకియకే పంపారు.

376లో హూణుల ధాటికి తాళలేక గోత్‌లు పెద్దయెత్తున నది దాటారు. నాటి చక్రవర్తి వాలెన్స్ ఆదరించినదీ, ఉల్ఫిలా బోధించినదీ ఏరియన్ శాఖ. కుమారుడైన క్రీస్తు తండ్రియైన దేవునికి లోబడినవాడేగాని సమానుడు కాడన్నది దాని సారాంశం. వలస వచ్చినవారిలో అత్యధికులు ఆ శాఖనే స్వీకరించారు. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ దానిని ఖండించినా గోత్‌లు విడువలేదు. సొంత భాషలో ఆరాధన, సొంత బిషప్‌లు ఉన్న సంఘం రోమన్ల నడుమ వారి ప్రత్యేకతకు ఆధారమైందనీ, సిద్ధాంత నిష్ఠ కన్న ఈ కారణమే బలమైనదనీ భావించడం సమంజసం. పశ్చిమ శాఖకు చెందిన గోత్‌లు స్పెయిన్‌ను ఏలుతున్న కాలంలో, 589లో టొలెడో సభలో రాజు రెకారెడ్ లాంఛనంగా కాథలిక్ విశ్వాసాన్ని ప్రకటించేవరకు ఆ వేర్పాటు కొనసాగింది.