తడి చెత్త నుంచి అమ్మోనియా ఎలా తీస్తారు?

మిగిలిన పప్పు, చేప ముక్కలు చెత్తబుట్టలో రెండు రోజులుంటే ముక్కు మూసుకుంటాం కదా! ఆ ఘాటులో కొంత అమ్మోనియాది. అది వాసన మాత్రమే కాదు, ఎరువు కూడా.

హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఐఐసీటీ సాంకేతికతతో బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు వస్తుందని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. మరి గ్యాసు పోయాక మిగిలే నీళ్ల సంగతేమిటి?

గాలి తగలని ట్యాంకులో బాక్టీరియా చెత్తను జీర్ణం చేసినప్పుడు కార్బన్‌లో చాలా భాగం మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. ప్రోటీన్లలోని నత్రజని మాత్రం అమ్మోనియంగా మారి ఆ నీళ్లలోనే ఉండిపోతుంది. అది మరీ ఎక్కువైతే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకే దెబ్బ.

తీసే పద్ధతులు

1. స్ట్రిప్పింగ్: నీళ్లలో సున్నం కలిపి పీహెచ్ పెంచుతారు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 9.25 ఉంటే సగం అమ్మోనియా వాయురూపంలోకి మారుతుంది. 11 దగ్గర దాదాపు అంతా మారుతుంది. వేడి చేస్తే ఇంకా తేలిక. గాలి ఊది దాన్ని బయటికి లాగి, సల్ఫ్యూరిక్ ఆమ్లం గుండా పంపితే అమ్మోనియం సల్ఫేట్ వస్తుంది. ఇందులో నత్రజని 21 శాతం. యూరియాలో 46 శాతం.

2. స్ట్రువైట్: మెగ్నీషియం, ఫాస్ఫేట్ తగినంత ఉంటే అమ్మోనియం వాటితో కలిసి తెల్లని స్ఫటికాలుగా అడుగున చేరుతుంది. ఇది మెల్లగా కరిగే ఎరువు.

మనకెందుకు?

ఆ నీళ్లను అలాగే నాలాలోకి వదిలితే మన కామ్వారీ లాంటి నదికి భారమే. 1 కిలో అమ్మోనియా నత్రజని నీటిలో నైట్రేటుగా మారడానికి సుమారు 4.6 కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అది చేపలు పీల్చుకోవలసిన ఆక్సిజన్. గ్యాసు తీసుకుని నీళ్లను వదిలేస్తే పని సగమే అయినట్టు.

పిల్లలూ, జాగ్రత్త!

సున్నం, ఆమ్లాలతో ఈ ప్రయోగం ఇంట్లో చేయకండి. అమ్మోనియా కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బయోగ్యాస్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎప్పుడూ దిగవద్దు; ఎవరైనా పడిపోయినా దిగకుండా 112కు ఫోన్ చేయించండి.

మీరు చేయగలిగింది ఒకటుంది: తడి చెత్తలో ప్లాస్టిక్, నూలు పీచు పడకుండా చూడండి. పీచు చుట్టుకుంటే పంపు ఆగుతుంది. మగ్గాలున్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా!