ఏ గడిలో రాస్తారు మనల్ని?

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. అందులో స్త్రీలు 19,24,748. అంటే వెయ్యిమంది పురుషులకి 954 మంది. అక్షరాస్యత స్త్రీలలో 79.35 శాతం, పురుషులలో 86.99 శాతం. మన నగర జీవితం ఇదీ అని ప్రభుత్వం చూపించే చిత్రం ఇలాగే ఉంటుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ఇలాంటి పట్టికలు తిరగేస్తున్నప్పుడు, సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి కాబోలు, నా చూపు అంకె మీద కన్నా దానిపైనున్న శీర్షిక మీదికే పోతుంది. అంకె నిజమే కావచ్చు. ఎవరిని ఏ గడిలో రాయాలో ముందే నిర్ణయించిన మాటల సంగతేమిటి?

నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. ఆ కాలపు భారతదేశ జనగణనల్లో, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పడానికి అభ్యంతరం పెడితే పేరుకి బదులు 'స్త్రీ' అని రాసుకోవచ్చని ఎన్యూమరేటర్లకి సూచన ఉండేది. లెక్కకి ఒక తల చాలు, పేరుతో పనిలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. మనం కథగా చదివి ఉలిక్కిపడినది, ప్రభుత్వ పత్రాల్లో ఒకప్పుడు మామూలు సూచన.

అక్షరాస్యత గడి మాత్రం మారింది. అదీ ఊరికే మారలేదు. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు బాలికల కోసం పాఠశాల నెలకొల్పారు. 1954లో అదే నారాయణగూడలో రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల వచ్చింది. ఆ 79.35 వెనక ఇలాంటి ప్రయత్నాలెన్నో ఉన్నాయి. చదువు గడి మారింది సరే, మరి పని గడి?

జనగణన దృష్టిలో 'పని' అంటే ఆర్థికంగా ఉత్పాదకమైనది. స్త్రీల ఉద్యమాలు, పరిశోధకులు గట్టిగా అడిగాక, 1991లో ఆ ప్రశ్నకి 'పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా' అన్న అర్థం వచ్చే మాటలు చేరాయి. కాబట్టి ఇంటి ముందుగదిలో భర్త నడిపే కర్రీ పాయింట్‌కి కూరలు వండే భార్య శ్రామికురాలే. అదే కూర అదే గిన్నెలో ఇంట్లోవాళ్లకి వండితే? అప్పుడు ఆమె పనిచేయనిది. 2011 పత్రంలో అలాంటివాళ్లకి సంకేత సంఖ్యలున్నాయి: విద్యార్థికి 1, ఇంటిపనులకి 2, ఆధారపడినవారికి 3, పింఛనుదారుకి 4, అద్దెల మీద బతికేవారికి 5, బిచ్చగాళ్లకి 6, ఇతరులకి 7.

ఇది పట్టికతో ఆగిపోయే విషయం కాదు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణికి సంపాదన లేదు కదా అని ట్రిబ్యునల్ పరిహారాన్ని రెండున్నర లక్షలకి తగ్గించింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని 6 లక్షలు చేసింది. 2001 జనగణన సుమారు 36 కోట్లమంది స్త్రీలను పనిచేయనివారిగా చూపి బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో సమానం చేసిందని ఆ తీర్పులోనే తప్పుపట్టింది. తీర్పు మంచిదే. కానీ నా అభ్యంతరం పక్కన ఎవరిని నిలబెట్టారన్నది కాదు. వాళ్లూ మనుషులే, వాళ్లలోనూ ఆడవాళ్లున్నారు. చేసిన పనిని పని కాదనడం గురించే నా అభ్యంతరం.

అశోక్‌నగర్‌కి రండి. గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు హాస్టళ్లలో ఉంటారు. బంధుత్వం లేనివాళ్లు ఉమ్మడి వంటగదిలో తినే చోటు జనగణన భాషలో 'సంస్థాగత కుటుంబం'. హాస్టలైనా, జైలైనా అదే పేరు. ఆ వంటగదిలో జీతానికి వండే స్త్రీ శ్రామికురాలు. రాత్రి తన ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి వెలిగిస్తే ఆ పనికి లెక్కలేదు.

లెక్కపెట్టడం కుదరదా? కుదురుతుందని కాల వినియోగ సర్వేలు చూపించాయి. దేశంలో ఇంటిపని చేసేవారిలో 2019లో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో అవి 289, 88. స్త్రీలకి తగ్గిన పది నిమిషాలను పురుషులు అందుకోలేదు, వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటిస్తూ 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఇంటిపనికి పనిగా గుర్తింపు కావాలని మనం అడుగుతూనే ఉండాలి. ఈలోగా దుకాణంలో కూర్చునే, మెస్‌కి వండే, జాకెట్లకి హెమ్మింగ్ చేసిపెట్టే స్త్రీలు 1991లో సాధించుకున్న ఆ కొద్ది మాటలనైనా వాడుకోవాలి. ఎన్యూమరేటర్ ముందు కూర్చున్న కుటుంబ పెద్ద 'మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ' అనకముందే, ఏం చేస్తున్నదీ ఆమే చెప్పాలి.