కత్తి ఒరలో కోనసముద్రం

డమాస్కస్ కత్తి అంటూ ఎవరైనా ఒర తీసి చూపిస్తే అందరూ పిడిమీది బంగారుపని చూస్తారు. నేను కమ్మరింట పుట్టినవాణ్ణి, నా చూపు అలుగు మీదికే పోతుంది. అక్కడ నీటి అలల్లా పారే చారలు పైన గీసినవి కావు, ఉక్కులోనే పుట్టినవి. ఆ ఉక్కు వండిన ఊళ్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం.

1820 ప్రాంతంలో దేశాన్ని కొలుస్తున్న గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో పనిచేసిన వైద్యుడు హెన్రీ వాయిసీ ఆ ఊరికొచ్చి, పని దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి, మట్టి మూసలో వేసి మూతపెట్టి, తోలు తిత్తులు ఊదుతూ రాత్రింబవళ్లు కాచేవారు. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద చేతికొచ్చేది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి, సరుకును పరీక్షించి, తూకం వేయించుకుని కొనేవాడు. ఈ పని తమ దేశంలోనూ చేసి చూశారనీ, కుదరలేదనీ వాయిసీకి చెప్పింది ఆ వర్తకుడే. ఆ మాట చదివిన ప్రతిసారీ నా ఛాతీ పొంగుతుంది. దాదాపు అదే కాలంలో లండన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే భారతీయ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేస్తున్నాడు.

మధ్య ఆసియాలోనూ మూస ఉక్కు తయారైంది గనక ప్రతి పాత కత్తీ మనదేనని అనను. కానీ ఇస్ఫహాన్‌లో అలుగు తీర్చిన ఉస్తాదు పేరు చాలాసార్లు దానిమీద బంగారు అక్షరాల్లో ఉంటుంది. ఉక్కు వండిన మన కమ్మరి పేరు ఎక్కడా లేదు. ఇది అన్యాయం. సంగ్రాహకులు దీన్ని కొంతైనా సరిదిద్దగలరు. కత్తి పక్కన పెట్టే చీటీలో రాజు పేరు, యుద్ధం పేరుతో పాటు ఉక్కు గురించీ రాయాలి.

ఇంకో మాట. తుప్పు కనబడగానే గరుకు కాగితంతో రుద్దకండి. అక్షరాలు, బంగారు తీగ, పాత మెరుగు అన్నీ పోతాయి. మామూలు ఉక్కు మీద యాసిడ్‌తో చారలు గీసి అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

కోనసముద్రం చుట్టుపక్కల పొలాల్లో మూస పెంకులు, ఇనుప చిట్టెం నేటికీ దొరుకుతాయి. చూడటానికి నల్లటి రాళ్లే. ఆ కమ్మరులు మనకు మిగిల్చిన సాక్ష్యం అవే. కనబడితే సంచిలో వేసుకోకండి, చదును చేసే ట్రాక్టర్‌కు వదలకండి. ఉన్నచోటే ఫొటో తీసి, ఊరు, పొలం రాసుకుని వారసత్వ శాఖకు తెలపండి.